బుట్టగుడ్డ లేసులో తప్పు

లుబ్లియానా,
ఫిబ్రవరి 10, 2014

తోంచ్కా అక్కకి,

నీ ఉత్తరం బరువు చూసి ఏదో పొట్లం పంపావనుకున్నాను. విప్పితే ఆరు కాగితాలు! తీరా చదివితే ఆరింటిలోనూ కలిపి ఒక్క కాగితానికి సరిపడా కబుర్లు. ఒక్కో అక్షరం చిక్కుడుగింజంత ఉంది. బళ్ళో అక్షరాలు దిద్దేటప్పుడు కూడా నువ్వింత లావుగా రాసి ఉండవు. నా మీద కోపమా, లేక ఇద్రియాలో కాగితాలు ఊరికే పంచుతున్నారా? రెండూ కాకపోతే కళ్ళు చూపించుకో. అరవై రెండేళ్ళొచ్చినా అద్దాలు లేకుండా లేసు అల్లే మనిషివి ఆ ఊరు మొత్తానికి నువ్వొక్కతెవే ఉండుంటావు. నన్ను చూడు, అద్దాలు పెట్టుకుని హాయిగా ఉన్నాను.

నేను నడకలో చేరాను. నవ్వకు. మా ఆయన లోయ్జే పోయాక మూడేళ్ళుగా ఇంట్లో కూర్చుని కంప్యూటర్లో పదకేళీలు నింపడం తప్ప నేను చేసిందేమీ లేదని నీకు తెలుసు. కింది అంతస్తులో ఉండే వ్లాస్తా, ఆ నర్సుగా చేసి రిటైరైన ఆవిడ, ఒకరోజు తలుపు కొట్టి, "బ్రేదా, నీ కుర్చీకైనా కాస్త విశ్రాంతి ఇవ్వవే, చెప్పులేసుకో" అంది. ప్రతి మంగళవారం పొద్దున తొమ్మిదికి మార్కెట్ దగ్గర పద్నాలుగు మందిమి కలుస్తాం. వ్లాస్తా మమ్మల్ని ఒకవారం నది వెంట, ఒకవారం కోట మీదికి, ఒకవారం మనకి పేరు కూడా తెలియని వీధుల్లోకి తీసుకెళ్తుంది. నలభై ఏళ్ళుగా ఉన్న ఊళ్ళో నేను చూడని వంతెనలున్నాయంటే నమ్ముతావా? చివర్లో కాఫీ. అసలు నడిచేది దానికోసమే అని మాతో నడిచే మిలేనా అంటుంది.

మొన్న మటుకు ఆలస్యమైంది. ఆరో నంబరు బస్సనుకుని ఎనిమిదో నంబరెక్కాను. బస్సుల మీద అంకెలు ఈమధ్య ఎంత మసకగా వేస్తున్నారో!

ఒక పని పడింది అక్కా. ఈస్టర్ బుట్ట మీద కప్పే గుడ్డకి లోయ్జే కాఫీ ఒలకబోసిన మరక ఎంత ఉతికినా పోవట్లేదు. కొత్త నారగుడ్డ కొన్నాను. దానికి చుట్టూ నీ చేతి లేసు అంచు కావాలి, ఆ పాముమెలికల నమూనా. చర్చిలో బుట్టలన్నీ వరుసగా పెట్టినప్పుడు, ఈ గుడ్డ ఎవరిదని జనం అడగాలి.

నీ చెల్లెలు
బ్రేదా


ఇద్రియా,
ఫిబ్రవరి 24

బ్రేదా,

నా అక్షరాలు లావైతే నీకేం బరువే? మోసేది పోస్టుమాను. మా ఇంటి ఎదురుగా కొత్త మేడ లేచింది, కిటికీలో వెలుతురు తగ్గింది. అంతే సంగతి. దానికి డాక్టర్లు, అద్దాలు ఎందుకు?

సాయంత్రానికి కణతలు నొప్పెడుతున్న మాట నిజమే. అది గాలి. ఈ లోయలోకి గాలి దిగిందంటే ఊరంతా తల పట్టుకునే తిరుగుతుంది. నా లేసుకి కళ్ళతో పెద్ద పనేం లేదు. యాభై ఏళ్ళ నుంచీ దారం చుట్టిన కొయ్య కండెలు తిప్పుతున్నాను, ఏ కండె దేనిమీంచి పోవాలో వేళ్ళకే తెలుసు.

నీ నడక సంగతి చదివి నవ్వలేదు, సంతోషించాను. కానీ పద్నాలుగు మంది ఆడవాళ్ళు కలిసి నడిస్తే నడక ఎంత, మాటలెంత అని అనుమానం వచ్చింది.

అంచు మొదలుపెట్టాను. లేసు అల్లే దిండు మీద ఇప్పుడు నీ పనే ఉంది. జూన్ లేసు పండగకి అల్లాల్సింది పక్కన పెట్టాను, ఆ సంగతి గుర్తుంచుకో. పండగలో ఈసారి కూడా చౌకులో అందరి ముందూ కూర్చుని అల్లి చూపించేది నేనే. ముప్పై ఎనిమిదో ఏడు.

ఫోన్ చేయకు. ఫోన్లో నువ్వు నన్ను మాట్లాడనివ్వవు.

అక్క


లుబ్లియానా,
మార్చి 18

అమ్మా తల్లీ, అక్కా,

కొంప మునిగింది. మిలేనాకి మోకాలు వాచింది. మే నెలలో తీగదారి నడక ఉందిగా, దానికి వ్లాస్తా, మిలేనా, నేను ముగ్గురి జట్టుగా పేర్లిచ్చాం. యుద్ధంలో ఊరి చుట్టూ ముళ్ళతీగ బిగించిన చోట చెట్లు నాటిన ఆ దారి నీకు గుర్తుందా? నువ్వు పాతికేళ్ళ వయసులో ఒకసారొచ్చి నడిచావు, తిరిగొచ్చి చెప్పుల్ని తిట్టావు.

జట్టు నడక సంగతి తెలుసుగా, పన్నెండు కిలోమీటర్ల పైచిలుకు. ఒకరు ముందు పరుగెత్తుకెళ్తే లాభం లేదు. ముగ్గురూ కలిసి గీత దాటితేనే లెక్క. ఇద్దరమే వెళ్తే అసలు బయల్దేరనివ్వరు. నువ్వు మూడో మనిషిగా రావాలి. రోజూ కొండ ఎక్కి రొట్టె తెచ్చుకునేదానివి, నీకు ఇదొక లెక్కా? వ్లాస్తాకి చెప్పేశాను కూడా. "మీ అక్క బాగా నడుస్తుందా?" అంది. "మా అక్క నడిస్తే మనమే వెనకపడతాం" అన్నాను.

వారం ముందే రా. కలిసి ఉందాం. జవాబు వెంటనే రాయి.

బ్రేదా


ఇద్రియా,
ఏప్రిల్ 2

బ్రేదాకి,

నన్నడక్కుండా నా పేరు ఇచ్చేశావు. చిన్నప్పుడు కూడా ఇంతే, నా గౌను వేసుకెళ్ళి తర్వాత చెప్పేదానివి.

నేను రాను. ఒకరి మోకాలు వాస్తే ఆ ఖాళీ నింపడానికి నేను గుర్తొచ్చానా? మూడేళ్ళలో ఒక్కసారైనా ఊరికే రమ్మన్నావా? పైగా పండగ పని అలాగే ఉంది. రొట్టెకి కొండెక్కడం కూడా మానేశాను, మెట్లు పాడైపోయాయి. మొన్న చివరి మెట్టు ఉందనుకోలేదు, తూలి పడబోయాను. మున్సిపాలిటీ వాళ్ళకి ఆ మెట్లు కనపడవు కాబోలు.

నీ అంచు అయిపోయింది. ఇస్త్రీ చేసి ఈ పొట్లంలో పెట్టాను. మూలలు జాగ్రత్తగా కుట్టు, లాగి కుట్టకు.

పండగ రొట్టె పొతీత్సాలోకి ఈసారైనా వాల్‌నట్లు బాగా వేయించు.

తోంచ్కా


లుబ్లియానా,
ఏప్రిల్ 22

తోంచ్కా అక్కకి,

ఈస్టర్ బాగానే జరిగింది. హాము, గుర్రపుముల్లంగి, రంగుగుడ్లు, పొతీత్సా అన్నీ బుట్టలో పెట్టి, పైన నీ లేసుగుడ్డ కప్పి శనివారం చర్చికి తీసుకెళ్ళాను.

చెప్పకూడదనుకున్నాను. రెండు రోజులు ఆగాను. ఆగలేకపోతున్నాను.

బుట్టలన్నీ వరుసగా పెట్టారు. ఫాదర్ పవిత్రజలం చల్లుకుంటూ వస్తున్నారు. నేను గర్వంగా నా బుట్ట వంక చూసుకుంటున్నాను. మెలిక పడాల్సిన చోట ఇంత కంత కనిపించింది. పన్ను ఊడిన నోరులా ఉంది. పక్కనున్నావిడ కూడా చూసింది. "మీ అక్కగారు ఇద్రియాలో లేసు మనిషి కదూ?" అని అడిగి నవ్వి ఊరుకుంది. ఆ నవ్వుకి నాకు బుట్ట పట్టుకుని అక్కడినుంచి పారిపోవాలనిపించింది.

అక్కా, నీ చేతిలో తప్పు పడదు. నాకు తెలుసు, ఊరికీ తెలుసు. అంటే తప్పు పడ్డ ముక్క ఏదో ఇంట్లో ఉంటే దుకాణం వాళ్ళు తీసుకోరని నాకు పంపావు. లేకపోతే నేర్చుకునే పిల్లలెవరో అల్లింది. మంచివి బయటి వాళ్ళకీ, చెడిపోయినవి చెల్లెలికీనా? నడకకి నీ పేరు ఇచ్చానన్న కోపం లేసు మీద తీర్చుకున్నావా?

నేను వాల్‌నట్లు బాగానే వేయించాను.

బ్రేదా


ఇద్రియా,
ఏప్రిల్ 25

బ్రేదా,

ఆ అంచు నేనే అల్లాను. మొదటి మెలిక నుంచి చివరి ముడి దాకా నేనే. దానిలో తప్పు లేదు. నా లేసులో తప్పుండదు.

నువ్వు చూసింది గుడ్డ మడత అయి ఉంటుంది.

తోంచ్కా


ఇద్రియా,
ఏప్రిల్ 27

బ్రేదమ్మా,

మొన్నటి ఉత్తరానికి నువ్వు జవాబు రాసేలోపే ఇది రాస్తున్నాను. ఆ ఉత్తరం డబ్బాలో వేసి ఇంటికొచ్చి దిండు ముందు కూర్చున్నాను. కండెలు ముట్టుకోలేదు. నా లేసులో తప్పుండదు అని రాశానే, ఆ మాట నేను అంతకుముందు ఎక్కడ విన్నానా అని ఆలోచించాను. అమ్మ నోట విన్నాను.

నీకు ఈ సంగతి తెలియదు. నువ్వప్పటికే లుబ్లియానాలో ఉద్యోగంలో ఉన్నావు. అమ్మ నీకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకుంది. అమ్మకి యాభై ఏళ్ళప్పుడు కళ్ళు లాగుతున్నాయని అద్దాలు పెట్టించారు. ఏడాది తిరిగేసరికి ఇంకా మందమైనవి. మరో రెండేళ్ళకి పక్కలనుంచి చీకటి రావడం మొదలైంది. పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్ళేసరికే చెయ్యి దాటిపోయింది. అమ్మ ఒప్పుకోలేదు. వేళ్ళతో తడుముకుంటూ అల్లేది. తప్పులు పడేవి. "బాగుందా తోంచ్కా?" అనేది. "చాలా బాగుందమ్మా" అనేదాన్ని. ఆ ముక్క దాచేసి, అదే నమూనా నేను మళ్ళీ అల్లి దుకాణానికి ఇచ్చేదాన్ని. ఒకసారి పక్కింటావిడ నోరు జారితే అమ్మ ఒంటికాలి మీద లేచింది. "నా లేసులో తప్పుండదు!" అంది. అచ్చంగా అవే మాటలు.

ఈ ఉదయం పెట్టెలోంచి అమ్మ భూతద్దం తీశాను. దిండు మీదున్న పండగ లేసుని దానితో చూశాను. రెండు చోట్ల కండె దాటకుండా వదిలేశాను. అల్లేటప్పుడు నాకు తెలియలేదు.

నిజం చెప్తాను. అక్షరాలు పెద్దగా రాసేది నాకు కనపడాలనే. మెట్టు మున్సిపాలిటీ తప్పు కాదు. మధ్యాహ్నానికల్లా దారాలు రెండేసిగా కనిపిస్తాయి, కళ్ళలో ఇసుక పోసినట్టుంటుంది. అద్దాలు వద్దన్నది గీర వల్ల కాదు. అమ్మకి అద్దాలతోనే మొదలైంది కదా, డాక్టరు గదిలోకి వెళ్తే అమ్మకి చెప్పిందే నాకూ చెప్తాడని భయం. అప్పుడు పండగలో చౌకులో ఎవరు కూర్చుంటారు? అది పోతే నేనెవరిని? నాకు మొగుడా, పిల్లలా? ఉన్నది ఈ దిండొక్కటే.

అమ్మకి నేను అబద్ధం చెప్పాను. నువ్వు నాకు అబద్ధం చెప్పలేదు. కోపంతోనే అయినా నిజం చెప్పావు. చెడిపోయింది నీకు అంటగట్టానని మటుకు అనుకోకు. ఉన్న చూపంతా పెట్టి అల్లాను.

నీ అక్క


లుబ్లియానా,
ఏప్రిల్ 29

నా బంగారు అక్కా,

ఉత్తరం చదివి ఏడ్చాను. నా నోటికి తాళం వేయాలి. చర్చిలో ఎవరో నవ్వితే నాకేం? ఆ నాలుగు మాటలూ రాసిన చేతిని తిట్టుకుంటున్నాను. అమ్మ సంగతి ఇన్నేళ్ళు ఒక్కదానివే మోశావా? నాకు ఒక్క ముక్క రాస్తే వచ్చేదాన్ని కాదూ?

ఇప్పుడు విను, ఎదురు చెప్పకు. వ్లాస్తా తనకి తెలిసిన కంటి డాక్టరు దగ్గర మే 7, బుధవారం పదిన్నరకి నీకు సమయం తీసుకుంది. ఆవిడ చెప్పిందేంటంటే, అద్దాలు పెట్టుకుంటే చూపు పోదట. అమ్మకి వచ్చింది వేరే, కంటి లోపల ఒత్తిడి. అది అద్దాలకి ముందే ఉండి ఉంటుందట, అప్పట్లో ఎవరూ కొలిచి చూడలేదంతే. ఇప్పుడు నిమిషంలో కొలుస్తారు. ఇంట్లో ఒకరికుంటే మిగతావాళ్ళు తప్పకుండా చూపించుకోవాలని కూడా అంది.

నడక కోసం పిలవడం లేదు. నడక మానేస్తామని వ్లాస్తాతో చెప్పాను. నువ్వొస్తే చాలు. ఆరో తారీకు బస్సెక్కు. ఊరికే రమ్మని అడగలేదన్నావుగా, ఇదిగో, ఊరికే రా.

బ్రేదా


లుబ్లియానా,
మే 15

అక్కకి,

నువ్వెళ్ళిన నాలుగో రోజుకే ఇల్లు బావురుమంటోంది. నువ్వు ఆలుగడ్డ కూరి చేసిన జ్లిక్రోఫీ ఇంకో పళ్ళెం ఉంది, దాచుకు తింటున్నాను.

డాక్టరు గదిలో అంతసేపు ఏం జరిగిందో నాలుగు రోజులూ అడిగాను, నవ్వుతావని చెప్పలేదు. వసారాలో కూర్చుని నేను పడ్డ అవస్థ నీకేం తెలుసు? లోపల్నుంచి టకటకమని కండెల చప్పుడొస్తుంటే, వ్లాస్తా, నేను మొహమొహాలు చూసుకున్నాం. ఒత్తిడి లేదట అని నువ్వు బయటికొచ్చి అన్నప్పుడు మాత్రం వ్లాస్తాని కావలించుకున్నాను.

తర్వాత ఆ నడక సంగతి. నేను వద్దన్నాక నువ్వే వస్తానని మొండికేశావు. బాగానే నడిచాం కదా? ఆ మలుపు దగ్గర దారి తప్పింది నా తప్పు కాదు. అక్కడ బోర్డు సరిగ్గా పెట్టలేదు. నేను ముందు నడుస్తున్నాను కాబట్టి అందరూ నన్నే అంటున్నారు. ఆ నాలుగు నిమిషాలు పోకపోతే మిలేనా ముందు ఇంకా తలెత్తుకు తిరిగేదాన్ని. అయినా ముగ్గురం చేతులు పట్టుకుని గీత దాటిన ఫోటో ఫ్రిజ్ మీద అంటించాను.

బుట్టగుడ్డ నీ సంచిలో పెట్టుకెళ్ళావు. మళ్ళీ అల్లుతానంటే ఒప్పుకోను. చూసి పంపించెయ్.

అద్దాలొచ్చాయా?

బ్రేదా


ఇద్రియా,
జూన్ 3

బ్రేదాకి,

అద్దాలొచ్చాయి. ఈ ఉత్తరం ఒక్క కాగితమే, చూశావా? అక్షరాలు గోధుమగింజంత. పోస్టుమాను నాకు దణ్ణం పెట్టాలి.

డాక్టరు సంగతి ఇప్పుడు చెప్తాను, అక్కడ కూర్చుని నవ్వుకో. నేను దిండుతో లోపలికెళ్ళడం చూసి, "ఇదేంటమ్మా, ఇక్కడ పడుకుంటారా?" అన్నాడు. "పని ఎంత దూరంలో ఉంటుందో అడుగుతారట కదా, అంకెల్లో నాకు తెలియదు, చూసుకోండి" అని కుర్చీలో కూర్చుని దిండు ఒళ్ళో పెట్టుకుని అల్లడం మొదలుపెట్టాను. పాపం, ఆయన దర్జీలాగా టేపు తీసి నా కంటి నుంచి దిండు మీది గుండుసూది దాకా కొలిచాడు. పుస్తకం చదివే అద్దాలు మీ పనికి సరిపోవు, దిండు దూరానికి వేరే చేయిస్తానన్నాడు. దూరపు చూపు గద్దలా ఉందట. దగ్గరిదే వయసుతో తగ్గింది, పైగా రెప్ప వేయకుండా గంటలు గంటలు చూసి కళ్ళు ఎండిపోయాయట, మెట్టు కూడా అందుకే మసకైందట. చుక్కలమందిచ్చాడు. "అరగంటకోసారి తలెత్తి దూరంగా కొండ వంక చూడండి, వారానికి రెండుసార్లు జనంతో కలిసి నడవండి" అన్నాడు. ఒత్తిడి ఏడాదికోసారి కొలిపించుకోమన్నాడు. అమ్మ సంగతి మాత్రం రెండుసార్లు ఆపి మళ్ళీ మొదలుపెట్టి చెప్పాను. ఆయన తొందరపెట్టలేదు.

ఇక్కడ కూడా నడక పెట్టాను. లేసు పాఠాల వాళ్ళు ఐదుగురం, గురువారాలు, పాత గని నుంచి నది వెంట. నీ పద్నాలుగు మంది కంటే తక్కువే మాట్లాడుతున్నాం.

ఇక బుట్టగుడ్డ. కొత్త అద్దాలు పెట్టుకుని మొదట చూసింది అదే. నువ్వు చెప్పిన కంత ఉంది. అది కాక మూలలో ఒకటి, మూల నుంచి ఏడో మెలికలో ఇంకొకటి. మొత్తం మూడు. మూడూ చర్చిలో నీ కళ్ళ ముందే ఉన్నాయి. నీకు ఒక్కటే కనిపించింది. ఎందుకమ్మా?

ఇప్పుడు నా వంతు. ఆ బోర్డు సరిగ్గానే పెట్టారు. నీ వెనక ఇరవై అడుగుల దూరం నుంచి నేను చదివాను. నువ్వు దాని కిందే నిలబడి అటు తిరిగావు. దారిలో ఎవరినో పట్టుకుని "మిలేనా, మోకాలెలా ఉంది?" అని అడిగావు, పాపం ఆవిడ బెదిరిపోయింది. బస్సుల మీద అంకెలు మసకగా లేవు బ్రేదా. నీ ముక్కు మీదున్నవి లోయ్జే అద్దాలు. ఎడమ చెవి దగ్గర తీగ చుట్టిన ఆ ఫ్రేమ్ నాకు తెలియదా? నేను బస్సు దిగగానే చూశాను. ఏమీ అనలేదు. అనడానికి నాకు నోరెక్కడిది, నా సంగతి అప్పటికి తేలలేదు కదా.

ఆయన వస్తువు మొహాన ఉంటే ఆయన ఇంట్లో ఉన్నట్టుంటుందని నాకు అర్థమైంది. అమ్మ భూతద్దం నేను ఇన్నేళ్ళు ఎందుకు దాచాను మరి? కానీ అవి లోయ్జే కళ్ళకి చేయించినవి. నువ్వు ఆ దారి చివర ఏ లారీ కిందో పడితే ఆయన సంతోషిస్తాడా? నాకు చెల్లెలివి నువ్వొక్కతెవే. ముగ్గురూ గీత దాటితేనే లెక్క అని నాకు చెప్పింది నువ్వే. నేను దాటాను. ఇక్కడే నిలబడి ఉన్నాను. నువ్వు రా.

గుడ్డ ఈ పొట్లంలోనే పంపుతున్నాను. విప్పి మళ్ళీ అల్లలేదు, నీ మాట ప్రకారం.

అక్క


లుబ్లియానా,
జూన్ 18

తోంచ్కా అక్కకి,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు నీ మీద కోపంగా ఉన్నాను. మూడో రోజు అదే డాక్టరు దగ్గరికి వెళ్ళాను. "మీరు ఆ దిండావిడ చెల్లెలా?" అన్నాడు. నా ముక్కు మీది అద్దాలు తీసి దీపానికెత్తి చూసి, "ఇవి ఎవరివి?" అని అడిగాడు. చెప్పాను. ఆయన వాటిని మెత్తటి గుడ్డతో తుడిచి నా చేతిలో పెట్టాడు. నాకు దూరమూ తగ్గింది, దగ్గరా తగ్గింది. ఒత్తిడి లేదు, భయపడకు.

కొత్తవి మొన్న వచ్చాయి. వీధిలోకి వస్తే చెట్లకి ఆకులు విడివిడిగా ఉన్నాయి. బస్సు మలుపు తిరుగుతుండగానే ఎనిమిదో నంబరని చదివాను. వ్లాస్తాకి మీసాలున్నాయి, ఈ మాట మన మధ్యే ఉండాలి.

లోయ్జే అద్దాలు ఆయన గడియారం పక్కన డ్రాయర్లో పెట్టాను. పెట్టేటప్పుడు బాగా ఏడ్చాను. తర్వాత చెప్పులేసుకుని మంగళవారం నడకకి వెళ్ళాను.

ఇంటికొచ్చి నీ గుడ్డ కిటికీ దగ్గర పరిచి అంచంతా ఒక్కో మెలికే వేలు పెట్టి చూశాను.

మూడు కాదు అక్కా, నాలుగు.

నాలుగోది ఎక్కడుందో రాయను. పండగలో నీ పక్కన కూర్చోడానికి శుక్రవారం బస్సుకి వస్తున్నాను, గుడ్డ తెస్తాను. నువ్వే వెతుక్కో.

బ్రేదా